ఇంట్లో సైకిల్‌కు కొండలు: ఈఎస్‌పి32తో సొంత స్మార్ట్ ట్రైనర్ తయారీ

ట్రైనర్ స్టాండుకు బిగించిన సైకిల్ మీద నుంచి ఇరవై నిమిషాలకే దిగిపోయేవారిని చాలామందిని చూశాను. వారి కాళ్లలో ఇంకా సత్తువ ఉంటుంది, ఓపికే అయిపోతుంది. ఎంత గట్టిగా తొక్కినా ఎదుటి గోడలో మార్పు ఉండదు మరి. అదే సైకిల్‌కు ఈఎస్‌పి32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాము నడిపే చిప్పు), రెండు సెన్సార్లు, చెప్పిన కోణానికి తిరిగే ఒక సర్వో మోటారు జోడిస్తే తెర మీది దారి మీ కాళ్లకు జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. తెరలో ఎత్తు వస్తే పెడల్ బరువెక్కుతుంది, పల్లం వస్తే తేలికవుతుంది.

ఈ పనిలో నాలుగు మెట్లున్నాయి. చక్రం నాడి (చుట్టు చుట్టుకూ సెన్సార్ ఇచ్చే సంకేతం) పట్టడం, దాన్ని బ్లూటూత్‌లో పంపడం, తొక్కే శక్తిని వాట్లలో లెక్కకట్టడం, తెర చెప్పిన వాలును చక్రానికి అందించడం. ఏ మెట్టు దగ్గర ఆగినా తొక్కడానికి పనికొచ్చేదే చేతిలో ఉంటుంది. అందుకే ఒక మెట్టు పూర్తిగా కుదిరి, దాని మీద రెండు మూడు రోజులు తొక్కి చూశాకే రెండో దానికి వెళ్లండి. మొదటి మెట్టు గురించి ఇక్కడ కాస్త ఎక్కువే చెబుతాను. నాడి తప్పుగా పడితే తర్వాత ఎన్ని హంగులు చేర్చినా అన్నీ ఆ తప్పునే మోస్తాయి.

కావలసిన సామగ్రి

వెనుక చక్రం రోలర్ మీద తిరిగే అయస్కాంత ట్రైనర్ ఈ పనికి అన్నిటికన్నా అనువైనది. ముఖ్యంగా హ్యాండిల్‌కు తగిలించే చిన్న మీట, దాని నుంచి ట్రైనర్ దాకా కేబుల్ ఉన్న రకం. ఆ కేబుల్‌ను మీట నుంచి తప్పించి సర్వోకు అప్పగించడమే మన నాలుగో మెట్టు. ద్రవంతో నడిచే ట్రైనర్ అయితే మొదటి మూడు మెట్లూ చక్కగా కుదురుతాయి గాని, పెడల్ బరువును మనం మార్చలేం.

ఎలక్ట్రానిక్స్‌లో ఒక ఈఎస్‌పి32 బోర్డు కావాలి. ఇందులో బ్లూటూత్ లో ఎనర్జీ అంతర్భాగంగానే ఉంటుంది కాబట్టి వేరే మాడ్యూల్ అక్కర్లేదు. ఏ3144 రకం హాల్ సెన్సార్లు (అయస్కాంతాన్ని పసిగట్టేవి) రెండు, చిన్న నియోడిమియం అయస్కాంతాలు రెండు, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, ఎంజి996ఆర్ రకం లోహపు గేర్ల సర్వో, దానికి విడిగా 5 లేదా 6 వోల్టుల, 3 ఆంపియర్ల విద్యుత్ సరఫరా. టంకం పెట్టే సామాను, కేబుల్ టైలు, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె ఎలాగూ ఉండాలి.

వెనుక చక్రాన్ని బిగించడానికి ట్రైనర్‌తో వచ్చిన ఉక్కు ఇరుసు పుల్లను తప్పక వాడండి. సైకిల్‌తో వచ్చిన తేలికపాటి పుల్ల స్టాండు బిగింపులో నిలవకపోవచ్చు. చక్రం తిరుగుతుండగా సెన్సార్‌ను సర్దబోవడం వేళ్లకు చేటు. పిల్లలున్న ఇల్లయితే చక్రం పక్కన అట్టతోనైనా ఒక అడ్డు పెట్టండి.

మొదటి మెట్టు: నాడి పట్టడం

వెనుక చక్రం స్పోకుకు ఒక అయస్కాంతం, పెడల్ క్రాంకుకు లోపలి వైపు మరొకటి కట్టండి. స్పోకు మీది అయస్కాంతాన్ని రిమ్ము దగ్గర కాక హబ్బుకు దగ్గరగా, 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టడం నాకు ఇష్టం. అక్కడ దాని కదలిక నెమ్మదిగా ఉంటుంది కనుక సంకేతం నిలకడగా వస్తుంది, ఊడితే ఎగిరే దూరమూ తక్కువ. సెన్సార్‌ను ఫ్రేము గొట్టానికి కట్టి, అయస్కాంతానికీ దానికీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఎడం ఉంచండి.

ఏ3144 అయస్కాంతపు ఒక ధ్రువానికే స్పందిస్తుంది. అక్షరాలున్న ముఖానికి దక్షిణ ధ్రువం ఎదురైనప్పుడే అది పనిచేస్తుంది. ఏ ముఖం ఏ ధ్రువమో కంటికి తెలియదు కాబట్టి, కట్టేముందే సెన్సార్ దగ్గరికి అయస్కాంతాన్ని తెచ్చి చూసి, స్పందించిన ముఖానికి పెన్నుతో చుక్క పెట్టుకోండి. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. చూడటానికి ఇలాగే ఉండే యుఎస్1881 లాంటి లాచ్ రకం సెన్సార్లు దక్షిణ ధ్రువం తగిలాక ఆన్ అయి, ఉత్తర ధ్రువం వచ్చేదాకా అలాగే ఉండిపోతాయి. ఒకే అయస్కాంతంతో అవి ఒక్కసారి స్పందించి మౌనం వహిస్తాయి.

వైరింగ్ సులువే. అక్షరాలున్న ముఖం మీ వైపు పెట్టి చూస్తే ఎడమ నుంచి వరుసగా విద్యుత్, గ్రౌండ్, అవుట్‌పుట్ కాళ్లు. ఈ సెన్సార్‌కు కనీసం 4.5 వోల్టులు కావాలి కాబట్టి బోర్డు మీది 5 వోల్టుల పిన్ను నుంచి విద్యుత్ ఇవ్వండి. అవుట్‌పుట్ కాలును మాత్రం 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో 3.3 వోల్టులకు కట్టండి. ఆ కాలు తనంతట వోల్టేజీ ఇవ్వదు, గ్రౌండుకు లాగడం ఒక్కటే చేస్తుంది. అందువల్ల 3.3 వోల్టులు మించి తట్టుకోలేని ఈఎస్‌పి32కు ఈ పద్ధతిలో ప్రమాదం లేదు. ఒక్కో సెన్సార్ కాళ్ల దగ్గరే విద్యుత్‌కూ గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ టంకం పెట్టండి. ఈ బోర్డులో 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులకు లోపలి పుల్అప్ (పిన్నును 3.3 వోల్టులకు లాగి ఉంచే రెసిస్టర్) ఉండదు. మనం బయటే రెసిస్టర్ పెట్టాం కాబట్టి వాటిని కూడా వాడుకోవచ్చు.

ఇక ప్రోగ్రాము. చాలామంది ఒక సెకనులో ఎన్ని నాడులు వచ్చాయో లెక్కపెట్టి వేగం చూపుతారు. దాని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. 700x25సి టైరు చుట్టుకొలత సుమారు 2.105 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 3.96 సార్లు తిరుగుతుంది. అంటే ఒక సెకనులో 4 నాడులు పడితే 30.3 కిలోమీటర్లు, 3 పడితే 22.7 కిలోమీటర్లు! మీరు ఒకే తీరుగా తొక్కుతున్నా తెర మీది వేగం నిలకడ లేకుండా గెంతుతుంది. అదే రెండు నాడుల మధ్య కాలాన్ని కొలిస్తే, సుమారు 253 మిల్లీసెకన్లు అని వస్తుంది. కొంచెం వేగం పెంచితే 248, తగ్గిస్తే 259. కాలు పెట్టిన ప్రతి ఒత్తిడీ అంకెలో కనిపిస్తుంది.

కాబట్టి ఇంటరప్ట్ (నాడి రాగానే మిగతా పని ఆపి నడిచే చిన్న ప్రోగ్రాము ముక్క) వచ్చిన మరుక్షణమే కాలాన్ని నమోదు చేయండి. ఇంటరప్ట్ లోపల ఇంకేమీ చేయకూడదు. కాలాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టడం, లెక్క ఒకటి పెంచడం, అంతే. భాగహారాలు, తెర మీద రాయడం, బ్లూటూత్ పంపడం అన్నీ బయటి లూప్‌లోనే.

మొదటిసారి నడిపినప్పుడు ఆ విరామాలను సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే అంకెలు కంప్యూటర్ తెర మీద కనిపించే కిటికీలో) వరుసగా అచ్చు వేసుకుని ఓపికగా చదవండి. నా మొదటి సైకిల్‌కు హాల్ సెన్సార్ బదులు రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరైతే కలిసే స్విచ్) పెట్టినప్పుడు వరుస ఇలా వచ్చింది: 253, 251, 4, 249, 254, 3, 250. ఆ 4, 3 చక్రం తిరిగిన కాలాలు కావు, స్విచ్ లోపలి సన్నని లోహపు రేకులు తగిలి అదిరిన చప్పుడు. హాల్ సెన్సార్‌లో ఈ అదురు ఉండదు గాని, పొడవాటి వైర్లు పక్కనున్న మోటారు గోలను మోసుకొస్తాయి. రెండింటికీ మందు ఒకటే: చక్రానికి 60 మిల్లీసెకన్ల లోపు వచ్చిన నాడిని వదిలేయడం. 60 మిల్లీసెకన్లకు ఒక చుట్టు అంటే గంటకు 126 కిలోమీటర్లు, అంత వేగం ట్రైనర్ మీద ఎవరికీ రాదు. క్రాంకుకు ఆ హద్దు 250 మిల్లీసెకన్లు, అంటే నిమిషానికి 240 చుట్లు.

కాలం కొలిచే గడియారం విషయంలో ఒక హెచ్చరిక. బోర్డుకు ప్రోగ్రాము రాసే సాధనమైన ఆర్డుయినోలోని మైక్రోసెకన్ల లెక్క 32 బిట్లది. అది దాదాపు 71 నిమిషాలకు నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పావుగంట పరీక్షల్లో ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. దాన్ని లెక్కలో పట్టించుకోకపోతే పెద్ద సవారీ రోజున, గంటా పదకొండు నిమిషాల దగ్గర వేగం అంకె చెడిపోవచ్చు. ఈఎస్‌పి32లో 64 బిట్ల టైమర్ ఉంది, మొదటి నుంచీ దాన్నే వాడండి.

రెండో మెట్టు: బ్లూటూత్ భాషలో చెప్పడం

ఫోన్లలో, కంప్యూటర్లలో ఉండే సైక్లింగ్ యాప్‌లు ఒక ఉమ్మడి భాష మాట్లాడతాయి. వేగం, క్యాడెన్స్ (నిమిషానికి పెడల్ చుట్లు) కోసం ఉన్న సేవ సంఖ్య హెక్సాలో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) 1816. అందులో కొలత పంపే లక్షణం 2ఏ5బి, పరికరం ఏమేం చెప్పగలదో తెలిపే లక్షణం 2ఏ5సి. ఆర్డుయినో వాడేవారు నిమ్‌బీఎల్‌ఈ లైబ్రరీని ఎంచుకుంటే బోర్డు జ్ఞాపకశక్తి బాగా ఆదా అవుతుంది.

పంపే మూట 11 బైట్లే. మొదటి బైటు జెండాలు, అంటే మూటలో ఏమేం ఉన్నాయో తెలిపే గుర్తులు: చక్రం, క్రాంకు రెండూ పంపుతున్నాం కాబట్టి విలువ 3. తర్వాత 4 బైట్లలో చక్రం మొత్తం చుట్లు, 2 బైట్లలో చివరి చుట్టు పడిన కాలం, 2 బైట్లలో క్రాంకు మొత్తం చుట్లు, 2 బైట్లలో దాని చివరి కాలం. ప్రతి సంఖ్యలో చిన్న బైటు ముందు వెళ్లాలి. కాలాన్ని మిల్లీసెకన్లలో కాక సెకనులో 1024వ వంతుల్లో చెప్పాలి. ఇక్కడ మిల్లీసెకన్లు పంపేస్తే వేగం రెండు శాతానికి పైగా ఎక్కువ చూపుతుంది. అంత చిన్న తేడా కాబట్టే నెలల తరబడి ఎవరి కంటా పడదు.

వేగాన్ని మనం పంపడం లేదని గమనించండి. మొత్తం చుట్లు, చివరి కాలం పంపితే భాగహారం యాప్ చేసుకుంటుంది. మధ్యలో ఒకటి రెండు మూటలు గాలిలో పోయినా లెక్క తప్పదు. చక్రం ఆగినప్పుడు పాత అంకెలనే సెకనుకోసారి పంపుతూ ఉండండి, కొత్త చుట్టు లేదని చూసి యాప్ సున్నా చూపుతుంది. ఆగిన క్షణంలో కొత్త కాలం పంపడం పొరపాటు.

యాప్‌లోకి వెళ్లేముందు ఎన్ఆర్ఎఫ్ కనెక్ట్ లాంటి పరీక్షా యాప్‌తో మూటలను నేరుగా చూడండి. పెడల్‌ను చేత్తో ఒక్క చుట్టు తిప్పితే క్రాంకు అంకె సరిగ్గా ఒకటి పెరగాలి. పది చుట్లు తిప్పి పదే వచ్చాయని నిర్ధారించుకున్నాకే సైకిల్ ఎక్కండి.

మూడో మెట్టు: వాట్లు

ట్రైనర్ మీద చక్రం వేగానికీ, దాన్ని తిప్పే శక్తికీ ఒక స్థిరమైన సంబంధం ఉంటుంది. గాలి, ద్రవ ట్రైనర్లలో శక్తి దాదాపు వేగపు ఘనంతో పెరుగుతుంది. అయస్కాంత ట్రైనర్లలో సాధారణ వేగాల్లో దాదాపు సరళరేఖలో పెరుగుతుంది. తయారీదారు ఇచ్చిన పట్టిక ఉంటే అదే వాడండి. లేకపోతే పవర్ మీటర్ ఉన్న పెడల్స్ ఒక పూట అరువు తెచ్చుకోండి. గంటకు 15, 20, 25, 30, 35 కిలోమీటర్ల వేగాల్లో రెండేసి నిమిషాలు నిలకడగా తొక్కి, ప్రతిసారీ రెండో నిమిషపు సగటు వాట్లు రాసుకోండి. ఆ అయిదు చుక్కల మధ్య గీత గీస్తే మీ ట్రైనర్ స్వభావం తెలిసినట్టే.

పవర్ మీటర్ దొరకనివారికి మొదటి మెట్టులో పడ్డ శ్రమ ఇక్కడ ఫలిస్తుంది. 35 కిలోమీటర్ల వేగం దాకా తొక్కి, పెడల్ ఆపి, చక్రం తనంతట నెమ్మదించేటప్పుడు పడే విరామాలను నమోదు చేయండి. ఏ వేగం దగ్గర ఎంత తొందరగా నెమ్మదిస్తోందో వాటి నుంచి తెలుస్తుంది. ఆ తగ్గుదలను వేగంతో గుణిస్తే శక్తి గీత ఆకారం వస్తుంది. ఎన్ని వాట్లో మాత్రం ఇది చెప్పదు, రోలర్‌తో తిరిగే బరువైన చక్రం (ఫ్లైవీల్) జడత్వం తెలియదు కాబట్టి. ఎక్కడో ఒక్క వేగం దగ్గర వాట్లు కచ్చితంగా తెలిస్తే చాలు, గీత మొత్తం దాని చోటికి వచ్చి కూర్చుంటుంది.

ఈ అంకెలు రోజూ నిలవాలంటే టైరు గాలి ఒకేలా ఉండాలి, రోలర్‌ను టైరుకు నొక్కే మర ఒకే లెక్కన బిగించాలి. రోజూ రోలర్ టైరుకు తాకిన తర్వాత మరను రెండు చుట్లు అని ఒక నియమం పెట్టుకోండి. మొదటి పది నిమిషాల వాట్లను నమ్మకండి, టైరు, రోలర్ వేడెక్కేదాకా అవి మారుతూనే ఉంటాయి.

వాట్లు చేతికొస్తే తెర మీది వేగాన్ని నిజమైన దారిలా లెక్కకట్టవచ్చు. సైకిల్‌తో కలిపి 85 కిలోల బరువు, ఎగుడుదిగుడు లేని రోడ్డు అనుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగానికి గాలిని చీల్చడానికి సుమారు 113 వాట్లు, టైరు ఒరిపిడికి 35 వాట్లు, మొత్తం 148 అవుతాయి. ఇదే 148 వాట్లతో 5 శాతం ఎత్తు ఎక్కితే వేగం గంటకు 11 కిలోమీటర్లకు పడిపోతుంది. గది లోపలి చక్రం ఎంత వేగంగా తిరిగినా తెర మీది బొమ్మ ఈ లెక్కనే కదలాలి. సొంతంగా ఆట రాసుకునేవారు శక్తిని వేగంతో భాగించి తోసే బలం తెచ్చుకుంటారు. నిలబడి ఉన్నప్పుడు అది సున్నాతో భాగహారం అవుతుంది కనుక వేగానికి సెకనుకు 1 మీటరు అనే కనీస హద్దు పెట్టండి.

నాలుగో మెట్టు: కొండ బరువు

అయస్కాంత ట్రైనర్‌లో రోలర్‌తో పాటు ఒక లోహపు పళ్లెం తిరుగుతుంది. అయస్కాంతాలు దానికి దగ్గరైతే పళ్లెంలో పుట్టే సుడి విద్యుత్తు ఎక్కువై చక్రాన్ని వెనక్కి లాగుతుంది. కేబుల్ చేసే పనల్లా ఆ అయస్కాంతాలను జరపడమే.

ముందుగా సామాను తూచే కొక్కెం తక్కెడతో కేబుల్‌ను లాగి, అతి బరువైన అమరిక దాకా ఎంత బలం కావాలో చూడండి. ఉదాహరణకు 3 కిలోలు వచ్చి, సర్వో చేయి పొడవు 1.5 సెంటీమీటర్లయితే 4.5 కిలోగ్రామ్ సెంటీమీటర్ల టార్క్ కావాలి. ఎంజి996ఆర్ సుమారు 10 ఇస్తుంది కాబట్టి సగం లోపే పని జరుగుతుంది. సగం మించితే గేర్లు తొందరగా అరుగుతాయి. సర్వోను చెక్క పలకకు మరలతో బిగించి, ఆ పలకను ట్రైనర్ కాలికే కట్టండి. నేల మీద విడిగా పెడితే తొక్కుడు ఊపుకు కేబుల్ సడలుతూ బిగుస్తూ ఉంటుంది.

సర్వోకు విద్యుత్ బోర్డు నుంచి ఇవ్వకండి. నా ఏర్పాటు మొదట్లో ప్రతి ఎత్తు దగ్గరా ఆగిపోయేది. తెర మీద కొండ మొదలవడం, బ్లూటూత్ తెగిపోవడం ఒకేసారి! సర్వో బలంగా లాగేటప్పుడు రెండు ఆంపియర్లకు పైగా తాగుతుంది. వోల్టేజీ ఒక్క క్షణం కుంగినా ఈఎస్‌పి32 తనను తాను రీసెట్ చేసుకుంటుంది. విడి సరఫరా పెట్టి, దాని గ్రౌండును బోర్డు గ్రౌండుతో కలిపి, సర్వో దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ కట్టాక ఆ బాధ తీరింది.

తెర నుంచి వాలు తెలుసుకోవడానికి ఫిట్‌నెస్ మెషిన్ సేవ ఉంది, సంఖ్య హెక్సాలో 1826. మన వేగం, క్యాడెన్స్, వాట్లు 2ఏడి2 లక్షణంలో పంపాలి. జెండాల విలువ హెక్సాలో 0044 పెడితే ఆ మూడే వెళ్తాయి. వేగం గంటకు 0.01 కిలోమీటర్లలో, క్యాడెన్స్ అర చుట్లలో, శక్తి వాట్లలో. యాప్ ఆదేశాలు 2ఏడి9 లక్షణానికి వస్తాయి. అది మొదట 00 అని అదుపు కోరుతుంది. మనం వెంటనే హెక్సాలో 80, 00, 01 అని సమ్మతి తెలపాలి. ఈ జవాబు పంపకపోతే యాప్ మన పరికరాన్ని అదుపు చేయదగినదిగా గుర్తించదు. 2ఏసిసి లక్షణంలో కూడా లక్ష్యాలు తెలిపే రెండో సగంలో 13వ బిట్‌ను ఒకటి చేసి, వాలు అనుకరణ మనకు వచ్చని చెప్పాలి.

ఆ తర్వాత వాలు మారినప్పుడల్లా హెక్సాలో 11 అనే ఆదేశం వస్తుంది. మొదటి బైటు ఆదేశం, తర్వాతి రెండు గాలి వేగం, ఆపై రెండు వాలు, నూరో వంతు శాతాల్లో. 5 శాతం ఎత్తు 500గా వస్తుంది. పల్లానికి అంకె రుణాత్మకం, అంటే 2 శాతం దిగుడు -200. ఈ రెండు బైట్లను గుర్తు లేని సంఖ్యగా చదివితే అదే 65336 అవుతుంది, అంటే 653 శాతం ఎత్తు. పల్లం మొదలైన చోట సర్వో కేబుల్‌ను ఆసాంతం బిగించి మీ మోకాళ్లను పట్టేస్తుంది. గుర్తున్న 16 బిట్ల సంఖ్యగా చదివి, ఆ మీదట ఏ అంకె వచ్చినా సర్వో కోణం రెండు హద్దులు దాటకుండా ప్రోగ్రాములో కట్టడి చేయండి.

వాలును కోణంగా మార్చేటప్పుడు తొందర వద్దు. దిగుడు మొత్తానికి అతి వదులు కోణం, 8 శాతానికి అతి బిగువు కోణం ఇచ్చి, మధ్యలో నేరుగా పంచండి. వాలు ఎంత వేగంగా మారినా సర్వో సెకనుకు 2 శాతానికి మించి కదలకుండా చూడండి. నిజమైన దారిలో కొండ గోడలా లేచి రాదు కదా. జ్విఫ్ట్ అనే సైక్లింగ్ యాప్ వాడేవారు అందులో ట్రైనర్ కష్టం అనే అమరిక మొదట సగం దగ్గర ఉంటుందని గుర్తుంచుకోండి, 8 శాతం ఎత్తు మీకు 4గానే అందుతుంది.

చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. సర్వో కదిలిందంటే మూడో మెట్టులోని శక్తి గీత మారిపోయినట్టే. కాబట్టి అయిదు కోణాల దగ్గర, ఒక్కోదానికి అయిదు వేగాల్లో, మొత్తం 25 కొలతలు తీసుకుని పట్టికగా పెట్టుకోవాలి. మధ్య విలువలను ప్రోగ్రాము అంచనా వేస్తుంది. రెండు సాయంత్రాల పని ఇది. దీన్ని దాటేస్తే ఎత్తు ఎక్కుతూ చెమటోడుస్తున్నా తెర మాత్రం చదును రోడ్డు వాట్లే చూపుతుంది.

పెట్టె, చెమట, గాలి

బోర్డును హ్యాండిల్ కింద పెట్టవద్దు, చెమట నేరుగా అక్కడికే కారుతుంది. ఉప్పు నీరు టంకాలను తినేస్తుంది. పెట్టెను వెనుక, ట్రైనర్ కాలి దగ్గర పెట్టి, వైర్లు కిందివైపు నుంచి లోపలికి వెళ్లేలా రంధ్రాలు చేయండి. ప్రతి వైరునూ ఫ్రేముకు జానెడేసి దూరంలో కట్టి, పెడల్ వెనక్కి తిప్పి దేనికీ తగలడం లేదని చూసుకోండి.

ఎదురుగా ఫ్యాను ఉండి తీరాలి, కదలని సైకిల్ మీద ఒంటి వేడిని తీసుకుపోయే గాలి లేదు కాబట్టి. తెర మీది వేగంతో ఫ్యాను కూడా మారాలనుకుంటే 12 వోల్టుల డీసీ ఫ్యానునూ, బోర్డు సంకేతంతోనే తెరుచుకునే లాజిక్ స్థాయి మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌నూ వాడండి. గోడ విద్యుత్‌తో నడిచే ఫ్యాను వైర్లను ఇలాంటి బోర్డుతో కలపడం నేను ఎవరికీ చెప్పను.

మొదటి పూర్తి సవారీకి చిన్న చిన్న ఎత్తుపల్లాలున్న దారి ఎంచుకోండి. సర్వో చివరి హద్దును సగానికే పెట్టి మొదలుపెట్టి, పది నిమిషాలకోసారి కొంచెం పెంచండి. మెట్ట తలకట్టు దాటే చోట్లను ప్రత్యేకంగా గమనించండి. బరువు ఆలస్యంగా వదులుతుంటే సర్వో వేగపు హద్దును కాస్త పెంచాలి, కాళ్ల కింద ఒక్కసారిగా జారినట్టుంటే తగ్గించాలి. తెర మీద దారి కిందికి వాలడం, వెనుక సర్వో సన్నగా మూలగడం, పెడల్ తేలికపడటం ఒకే ఊపిరిలో జరిగితే అమరిక కుదిరినట్టు. అక్కడి కోణాలను, హద్దులను ప్రోగ్రాములో రాసుకుని భద్రపరచండి.